కరెంటు ఆదా సెడాన్ ధరను పూడ్చదు: చవకైన హైబ్రిడ్ హ్యాచ్‌బ్యాక్, లగ్జరీ ఎలక్ట్రిక్ సెడాన్ మధ్య ఎంపిక

పెట్రోలు ఇంజిన్‌కు ఎలక్ట్రిక్ మోటారు తోడై లీటరుకు 22 కిలోమీటర్లు ఇచ్చే చిన్న హైబ్రిడ్ హ్యాచ్‌బ్యాక్ ఒకవైపు, నేల కింద 100 యూనిట్ల బ్యాటరీ పరిచిన రెండున్నర టన్నుల ఎలక్ట్రిక్ సెడాన్ మరోవైపు. ఈ రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: సెడాన్ ఖరీదు ఎక్కువే, అయినా పెట్రోలు ఖర్చు ఉండదు గనుక కొన్నేళ్లలో ఆ డబ్బు తిరిగొచ్చేస్తుంది. తిరిగి రాదు. ఎందుకు రాదో ముందు లెక్క కట్టి చూస్తే మిగతా విషయాలు తేలిగ్గా విడిపోతాయి.

ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే ఆ హైబ్రిడ్ తాగే పెట్రోలు సుమారు 680 లీటర్లు. పదేళ్లకు 6,800 లీటర్లు. సెడాన్‌కు పదేళ్లూ కరెంటు ఉచితంగా దొరికినా మిగిలేది ఆ 6,800 లీటర్ల ధరే, అంతకుమించి ఒక్క లీటరు కూడా మిగలదు. ఇప్పుడు రెండు కార్ల ధరల తేడాను లీటరు పెట్రోలు ధరతో భాగించండి. లగ్జరీ సెడాన్ విషయంలో వచ్చే అంకె సాధారణంగా 6,800కు అనేక రెట్లు ఉంటుంది. అప్పు చేసి కొంటే, ఆ తేడా మొత్తం మీద కట్టే వడ్డీ ఒక్కటే ఏటా 680 లీటర్ల ఖర్చును దాటిపోవచ్చు.

కాబట్టి సెడాన్‌ను కొనేవాళ్లు నిశ్శబ్దం కోసం, కుదుపుల్లేని ప్రయాణం కోసం, వెనక సీటు సౌఖ్యం కోసం కొనాలి. అవి నిజమైన సుఖాలే, డబ్బున్నవాళ్లు వాటికి ఖర్చు పెట్టడంలో తప్పేమీ లేదు. సుఖానికి పెట్టిన డబ్బును పొదుపు ఖాతాలో రాసుకోవడమే తప్పు.

లీటరుకు ఐదు యూనిట్లు

నడిపే ఖర్చును పోల్చడానికి ఏ దేశంలోనైనా పనికొచ్చే చిన్న కొలత ఉంది. పెద్ద సెడాన్ బ్యాటరీలోని ఒక యూనిట్‌తో, అంటే ఒక కిలోవాట్-అవర్‌తో, సుమారు 5 కిలోమీటర్లు నడుస్తుంది. అయితే మీటరులో తిరిగిన కరెంటంతా బ్యాటరీకి చేరదు. ఇంటి ప్లగ్‌తో చేసే ఏసీ ఛార్జింగ్‌లో కారు లోపలి ఆన్‌బోర్డ్ ఛార్జరు, కేబుళ్లు, చల్లబరిచే పంపులు కలిసి 10 నుంచి 15 శాతం తినేస్తాయి. బిల్లు పడిన యూనిట్‌కు దక్కేది 4.4 కిలోమీటర్లే. హైబ్రిడ్ లీటరుకు 22 ఇస్తోంది కాబట్టి ఒక లీటరు పెట్రోలు ఐదు యూనిట్ల కరెంటుకు సమానం.

అంటే యూనిట్ ధర లీటరు పెట్రోలు ధరలో ఐదో వంతు కంటే తక్కువైతే సెడాన్ నడపడం చవక, ఎక్కువైతే హైబ్రిడ్ చవక. హైవే వేగంలో హైబ్రిడ్ 18కి పడిపోతుంది, సెడాన్ కూడా తగ్గుతుంది, రోడ్డు పక్క ఫాస్ట్ ఛార్జర్లు చేసే డీసీ ఛార్జింగ్‌లో నష్టం కొంచెం తక్కువ. అవన్నీ కలుపుకుంటే ఐదు కాస్తా నాలుగున్నరకు దగ్గరవుతుందే గాని లెక్క తలకిందులు కాదు.

ఇంట్లో వచ్చే కరెంటు చాలాచోట్ల ఈ గీత కింద ఉంటుంది. రోడ్డు పక్క ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర ధర తరచూ గీతను తాకుతుంది, కొన్నిచోట్ల దాటుతుంది. అందుకే రాత్రి కారు నిలిపే చోట ప్లగ్ ఉందా అన్న ప్రశ్న కారు మోడల్ కంటే ముందు రావాలి. అద్దె అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తులో ఉంటూ కారు వీధిలో పెట్టేవాళ్లకు ఎంత గొప్ప ఎలక్ట్రిక్ కారైనా వారానికోసారి ఛార్జరు దగ్గర పడిగాపులు తప్పవు.

హైబ్రిడ్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు

ఇక్కడ చాలామంది మోసపోతారు. ఆల్టర్నేటర్ స్థానంలో బెల్టుతో తిరిగే చిన్న మోటారు, 12 లేదా 48 వోల్టుల వ్యవస్థ ఉంటే అది మైల్డ్ హైబ్రిడ్. ఇంజిన్‌కు కాస్త ఊతమిస్తుంది, సిగ్నల్ దగ్గర ఆపి మెత్తగా స్టార్ట్ చేస్తుంది. మామూలు పెట్రోలు కారు కంటే మైలేజీ కొద్దిగానే పెరుగుతుంది. ఈ వ్యాసంలోని లెక్కలు దానికి వర్తించవు. తేడా కనుక్కోవడం కష్టమేమీ కాదు: ఇంజిన్ ఆగి ఉండగా కారు మోటారుతోనే కదిలి, నగర వేగంలో సాగిపోతే అది పూర్తి హైబ్రిడ్. టెస్ట్ డ్రైవ్‌లో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

పూర్తి హైబ్రిడ్‌లలోనూ దారులు వేరు. 1997 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన ప్రియస్ నుంచి టయోటా వాడుతున్నది ప్లానెటరీ గేర్ పద్ధతి. ఇంజిన్, జనరేటరు, చక్రాలను తిప్పే మోటారు మూడూ ఒకే గేర్ల గుత్తికి కలుస్తాయి. క్లచ్ లేదు, స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు. అరిగిపోయే భాగాలు ఇన్ని తగ్గడమే ఈ కార్లు టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరగడానికి ఒక ముఖ్య కారణం. నిస్సాన్ ఈ-పవర్‌లో ఇంజిన్ కరెంటు పుట్టించడానికే, చక్రాలను ఎప్పుడూ మోటారే తిప్పుతుంది. హోండా ఈ:హెచ్ఈవీ నగరంలో అదే దారి పట్టి, హైవే వేగంలో మాత్రం క్లచ్ వేసి ఇంజిన్‌ను చక్రాలకు నేరుగా కలుపుతుంది. రెనో క్లియో ఈ-టెక్‌లో పళ్లలో పళ్లు ఇరుక్కునే డాగ్ క్లచ్‌లతో పనిచేసే గేర్‌బాక్స్ ఉంటుంది.

ఇలాంటి హైబ్రిడ్‌లలో చాలావాటి ఇంజిన్ అట్కిన్సన్ పద్ధతిలో నడుస్తుంది. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది గనుక లోపలికి పీల్చిన మిశ్రమంలో కొంత వెనక్కి పోతుంది, మిగిలిన కొంచెం నుంచి ఎక్కువ పని రాబడుతుంది. 2015 చివర వచ్చిన ప్రియస్ 1.8 లీటర్ల ఇంజిన్ గరిష్ఠ ఉష్ణ సామర్థ్యం 40 శాతం, అంటే పెట్రోలులోని శక్తిలో అంత వంతు పనిగా మారుతుంది. ఇలాంటి ఇంజిన్‌కు తక్కువ వేగంలో లాగే బలం తక్కువ. ఆ లోటును మోటారు పూడుస్తుంది. విడిగా చూస్తే రెండూ మామూలువే, జత కుదిరింది కాబట్టే మైలేజీ.

ఈ జతకు బలహీనతలూ ఉన్నాయి. టయోటా యారిస్ హైబ్రిడ్ బ్యాటరీ ఒక యూనిట్ కూడా ఉండదు, 0.76 మాత్రమే. నిండు బరువుతో పొడవైన ఘాట్ ఎక్కేటప్పుడు అది త్వరగా ఖాళీ అవుతుంది. తర్వాత మిగిలేది మూడు సిలిండర్ల ఇంజిన్ ఇచ్చే సుమారు 68 కిలోవాట్లే. ఇంజిన్ ఒకే పెద్ద శబ్దంతో మోగుతుంది, వేగం మాత్రం నిదానంగా పెరుగుతుంది. దిగేటప్పుడు దీనికి ఎదురు సమస్య: మనుషులతో కలిపి 1,500 కిలోల బరువు 300 మీటర్ల ఎత్తు దిగితే వచ్చే శక్తి 1.2 యూనిట్లు. మోటారు బ్రేకు వేస్తూ ఆ శక్తిని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది, గాలి, టైర్లు కొంత మింగినా అది నిండిపోతుంది. అప్పుడు బి మోడ్‌లో పెట్టి ఇంజిన్ బ్రేకింగ్ వాడాలి, లేకపోతే భారమంతా బ్రేక్ ప్యాడ్ల మీద పడి వేడెక్కుతాయి.

అతి చిన్న ప్రయాణాలు కూడా హైబ్రిడ్‌కు పడవు. రెండు మూడు కిలోమీటర్ల దూరానికి తీస్తే పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించడానికి ఇంజిన్ ఆన్ అవుతుంది, వేడెక్కేలోపే ప్రయాణం ముగుస్తుంది. మైలేజీ సగానికి దగ్గరగా పడినా ఆశ్చర్యం లేదు. అంతకంటే చెడు ఏమిటంటే, కాలని పెట్రోలు, తేమ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తూ పోతాయి. రోజూ ఇలాగే తిరిగేవాళ్లు కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలి. వారానికోసారి అరగంటైనా హైవే మీద తిప్పడం మేలు.

సెడాన్ ఛార్జింగ్: కాగితం మీద అంకె, రోడ్డు మీద అంకె

మెర్సిడెస్ ఈక్యూఎస్ 450 ప్లస్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 2021లో వచ్చినప్పుడు వాడుకోదగ్గ బ్యాటరీ 107.8 యూనిట్లు, గరిష్ఠ డీసీ ఛార్జింగ్ 200 కిలోవాట్లు, 10 నుంచి 80 శాతానికి 31 నిమిషాలు అన్నది కంపెనీ లెక్క. ఆ 70 శాతం అంటే 75 యూనిట్లు. సగటున 146 కిలోవాట్లు అందితేనే ఆ 31 నిమిషాలు సాధ్యం. 50 కిలోవాట్ల ఛార్జరు దగ్గర అదే పనికి గంటన్నర పడుతుంది. కారు సత్తా కంటే, వెళ్లే దారిలో ఉన్న ఛార్జర్ల సత్తాయే అసలు వేగాన్ని నిర్ణయిస్తుంది. కొనేముందు తరచూ వెళ్లే రెండు మూడు దారుల్లో ఛార్జర్లు ఎంత కిలోవాట్లవో, ఒక్కోచోట ఎన్ని ఉన్నాయో చూసుకోవడం తప్పనిసరి. ఒక్కటే ఉన్న చోటును లెక్కలోంచి తీసేయాలి. అది చెడిపోయిన రోజు ప్రయాణం ఆగిపోతుంది.

బ్యాటరీ 800 వోల్టులతో పనిచేసే కార్లకు ఇంకో మెలిక ఉంది. 400 వోల్టుల ఛార్జరు దగ్గర అవి చాలావరకు వోల్టేజీని లోపల పెంచుకోవాలి. 2019లో వచ్చిన తొలి తరం పోర్షె తైకాన్ మామూలు అమరికలో అలాంటి ఛార్జరు దగ్గర 50 కిలోవాట్లే తీసుకునేది, 150 కావాలంటే అదనంగా కొనాల్సి వచ్చేది. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు ఆ కారులో ఏది ఉందో అడగాలి.

హైవే మీద 100 కిలోమీటర్లకు 22 యూనిట్లు ఖర్చయితే, మొత్తం బ్యాటరీతో 490 కిలోమీటర్లు. దూర ప్రయాణంలో మొదటి మజిలీ తర్వాత నడిచేది 10 నుంచి 80 మధ్యే. ఎందుకంటే 80 దాటాక ఛార్జింగ్ నత్తనడకే. కాబట్టి ఆగిన చోటు నుంచి మళ్లీ ఆగే చోటుకు దూరం 340 కిలోమీటర్లు అనుకోవాలి. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది గనుక 100 వేగం నుంచి 130కి వెళ్తే గాలితో పోరాటం దాదాపు 70 శాతం ఎక్కువ. గాలిని ఎంత తేలిగ్గా చీల్చుకుపోతుందో చెప్పే డ్రాగ్ గుణకం ఈక్యూఎస్‌కు 0.20 మాత్రమే అయినా ఈ నియమం దాన్ని వదలదు. గడ్డకట్టే చలిలో క్యాబిన్ వేడికి, బ్యాటరీ వేడికి కలిపి కొన్ని కిలోవాట్లు పోతాయి. బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంపు ఉన్న కారులో ఈ నష్టం తగ్గుతుంది. చల్లబడ్డ బ్యాటరీ ఫాస్ట్ ఛార్జింగ్‌ను కూడా తగ్గించుకుంటుంది. బలవంతంగా ఎక్కిస్తే సెల్‌లోని ఆనోడ్ అనే పలక మీద లిథియం లోహంగా పేరుకుంటుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. నావిగేషన్‌లో ఛార్జరును గమ్యంగా పెడితే కారే ముందుగా బ్యాటరీని వేడెక్కిస్తుంది. ఈ చిన్న పని మరిచిపోయి ఛార్జరు పాడైందని తిట్టుకునేవాళ్లు చాలామంది.

ఇంటి ఛార్జింగ్ విషయంలో మాత్రం అనవసర భయం ఎక్కువ. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే కావలసింది 9 యూనిట్లు. 10 ఆంపియర్లకు పరిమితం చేసిన 230 వోల్టుల సాకెట్ 2.3 కిలోవాట్లు ఇస్తుంది, నాలుగు గంటల్లో పని అయిపోతుంది. పూర్తిగా ఖాళీ అయిన సెడాన్‌ను దానితో నింపాలంటే రెండు రోజులు పడుతుంది నిజమే, ఆ అవసరం ఎంత తరచుగా వస్తుందన్నదే ప్రశ్న. దూరప్రయాణాలు ఎక్కువైతే 32 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ మీద 7.4 కిలోవాట్ల ఛార్జరు, త్రీ ఫేజ్ ఉంటే 11 కిలోవాట్లది సరిపోతాయి. 7.4 కిలోవాట్లకు మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగాలి: కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దూరం ఎక్కువైతే 10, సొంత ఎంసీబీ, డీసీ లీకేజీని కూడా పసిగట్టి కరెంటు ఆపేసే ఆర్‌సీడీ స్విచ్, గట్టి ఎర్తింగ్. ఇళ్లలో ప్రమాదాలు ఎక్కువగా వదులైన సాకెట్ దగ్గరే మొదలవుతాయి. గీజరు అరగంటలో ఆగిపోతుంది, కారు ఛార్జింగ్ గంటల తరబడి ఒకే కరెంటు లాగుతుంది. కాస్త వదులైన స్క్రూ దగ్గర వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలే వాడకూడదు.

నికెల్ రసాయనంతో చేసిన బ్యాటరీని రోజువారీగా 80 శాతం దగ్గర ఆపడం మంచిది, ప్రయాణం ముందు రాత్రి మాత్రం 100కు నింపుకోవచ్చు. కొండ మీద ఉన్న ఇంట్లో 100 నింపి దిగితే మొదట్లో రీజెనరేటివ్ బ్రేకింగ్, అంటే మోటారుతో బ్రేకు వేసి కరెంటు తిరిగి పట్టే పద్ధతి, సరిగా పనిచేయదన్న సంగతి గుర్తుండాలి. రెండున్నర టన్నుల బండి అప్పుడు అలవాటైనట్టు తగ్గదు.

సర్వీసు ఖర్చు తక్కువే, బాగుచేతల ఖర్చు కాదు

ఎలక్ట్రిక్ కారుకు ఇంజిన్ ఆయిల్ లేదు, స్పార్క్ ప్లగ్గులు లేవు. షోరూంలో చెప్పే ఈ మాట నిజం. అయితే లగ్జరీ సెడాన్‌లో డబ్బు తినేవి వేరే ఉన్నాయి. 20, 21 అంగుళాల టైర్లు, పైగా ఎక్కువ బరువు మోసే ప్రత్యేక రకం, శబ్దం తగ్గించడానికి లోపల ఫోమ్ అంటించినవి. పంక్చరైతే ఆ ఫోమ్ తీసి అతికించాలి, చాలా దుకాణాల్లో వద్దంటారు. స్టెప్నీ సాధారణంగా ఉండదు. ఎయిర్ సస్పెన్షన్ రబ్బరు సంచులు ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిస్తాయి, చిన్న లీకుతో కంప్రెసర్ విరామం లేకుండా తిరిగి అదీ పోతుంది. నేల కింద రాయి తగిలి బ్యాటరీ పెట్టె సొట్టపోతే, లోపల సెల్స్ బాగున్నా, బాధ్యత తీసుకోవడానికి జంకి మొత్తం ప్యాకే మార్చమనే వర్క్‌షాపులు ఉన్నాయి. బీమా ప్రీమియం ఎక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణం. కొనేముందే బీమా కొటేషన్ తెప్పించుకుంటే ఆశ్చర్యపోవాల్సిన పని ఉండదు.

హైబ్రిడ్‌లో ఎక్కువమంది పట్టించుకోనిది వెనక సీటు దగ్గరున్న గాలి జాలీ. గాలితో చల్లబడే హైబ్రిడ్ బ్యాటరీ క్యాబిన్ గాలినే అక్కడి నుంచి పీలుస్తుంది. జాలీ వెనక ఫిల్టరులో దుమ్ము, పెంపుడు జంతువుల బొచ్చు చేరితే గాలి ఆడదు, సెల్స్ వేడెక్కి ముందే ముసలివవుతాయి. ప్రతి సర్వీసులో దాన్ని తీసి దులపమని అడిగి చేయించాలి, దానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు. జాలీకి అడ్డంగా సంచులు పెట్టకూడదు. బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే ఇన్వర్టరుకు వేరే కూలెంట్ ఉంటుంది, అదీ చూడాలి. పాత ఇంజిన్లలో పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ దారులు మసితో మూసుకుపోయి, సిలిండర్లు సమానంగా చల్లబడక హెడ్ గాస్కెట్ పోయిన సందర్భాలు తెలిసినవే. చల్లని ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు గడగడమని వణికి తర్వాత సర్దుకుంటుంటే, కూలెంట్ తగ్గుతుంటే, అనుమానించాలి. రెండు రకాల కార్లలోనూ మోటారే ఎక్కువ బ్రేకు వేస్తుంది గనుక ప్యాడ్లు అరగవు, కానీ డిస్కులు తుప్పు పడతాయి. అప్పుడప్పుడు గట్టిగా బ్రేకు వేయడం, రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడం రెండింటికీ అవసరమే. వారాల తరబడి కదపకుండా వదిలేస్తే 12 వోల్టుల చిన్న బ్యాటరీ చచ్చి, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు లేవదు.

కారు పరిమాణం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని రోజూ తగులుతుంది. యారిస్ పొడవు 3.94 మీటర్లు, ఈక్యూఎస్ 5.2 మీటర్లు. 5 మీటర్ల పార్కింగ్ గడిలో రెండోది బయటికి పొడుచుకొస్తుంది. టెస్ట్ డ్రైవ్‌ను షోరూం బయట రోడ్డు మీదే ముగించకుండా ఇంటి గేటు దాకా, సెల్లార్ ర్యాంపు దాకా తీసుకెళ్లాలి. వెనక సీట్లో అరగంట కూర్చోవాలి కూడా. కింద బ్యాటరీ వల్ల నేల ఎత్తయి మోకాళ్లు పైకి లేచే సెడాన్లు కొన్ని ఉన్నాయి, అంత డబ్బుపెట్టి ఆ ఇబ్బంది కొనుక్కోకూడదు.

పర్యావరణం కోసం అయితే

ఈ కారణంతో సెడాన్ వైపు మొగ్గేవాళ్ల ఉద్దేశం మంచిదే, అందుకే అంకెలు తిన్నగా చూడాలి. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. తవ్వకం, శుద్ధి, రవాణా కోసం ఇంకో ఐదో వంతు కలిపితే హైబ్రిడ్ లెక్క కిలోమీటరుకు 125 గ్రాములు. సెడాన్ వాడే కరెంటు ఎక్కువగా బొగ్గుదై యూనిట్‌కు 700 గ్రాములు పడితే కిలోమీటరుకు 159 గ్రాములు, అంటే హైబ్రిడ్ కంటే ఎక్కువే. 400 గ్రాముల గ్రిడ్‌లో 91, జల, అణు, గాలి విద్యుత్తుతో 100కు దిగిన గ్రిడ్‌లో 23.

దీనికి బ్యాటరీ తయారీ తోడవుతుంది. యూనిట్ సామర్థ్యానికి 70 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే 100 యూనిట్ల ప్యాక్‌కు 7 టన్నులు. హైబ్రిడ్ కంటే తక్కువ వదులుతూ 400 గ్రాముల గ్రిడ్‌లో ఆ అప్పు తీరడానికి రెండు లక్షల కిలోమీటర్లు నడవాలి. 100 గ్రాముల గ్రిడ్‌లో 70 వేలు చాలు. ఇదే లెక్క 45 యూనిట్ల బ్యాటరీతో, యూనిట్‌కు 7 కిలోమీటర్లు నడిచే చిన్న ఎలక్ట్రిక్ హ్యాచ్‌బ్యాక్‌కు వేస్తే 400 గ్రాముల గ్రిడ్‌లోనే 53 వేల కిలోమీటర్లకు అప్పు తీరుతుంది. గ్రిడ్లు ఏటేటా శుభ్రపడుతున్న చోట ఇంకా ముందే. ఇంట్లో ప్లగ్ ఉండి, పర్యావరణం, పొదుపు రెండూ కావాలనుకునేవాళ్లు అసలు చూడాల్సిన కారు ఈ మూడోది. హైబ్రిడ్‌తో పోల్చాల్సిందీ దాన్నే.

సెకండ్ హ్యాండ్ దారి

కొత్త లగ్జరీ సెడాన్ మొదటి మూడు నాలుగేళ్లలో పోగొట్టుకునే విలువే చాలాసార్లు ఒక కొత్త హైబ్రిడ్ హ్యాచ్‌బ్యాక్ ధరను మించుతుంది. కొత్త మోడళ్లలో రేంజి, ఛార్జింగ్ వేగం పెరిగేకొద్దీ పాతవాటి విలువ ఇంకా పడుతుంది. కాబట్టి ఆ సుఖమే కావాలంటే మూడు నాలుగేళ్ల కారు కొనడం తెలివైన పని, బ్యాటరీ వారంటీ మిగిలి ఉంటే. చాలా కంపెనీలది 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, సామర్థ్యం 70 శాతానికి తగ్గకూడదన్న షరతుతో. ఈక్యూఎస్‌కు 10 ఏళ్లు, 2,50,000 కిలోమీటర్లు. పేరు మారినా వారంటీ కొనసాగుతుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి.

చూడటానికి వెళ్లినప్పుడు బ్యాటరీ ఆరోగ్య నివేదిక అడగండి, డ్యాష్‌బోర్డు మీది రేంజి అంకెను నమ్మకండి. అది ఇంతకుముందు నడిపిన తీరును బట్టి మారుతుంది. 10 శాతానికి దించిన కారును మంచి డీసీ ఛార్జరు దగ్గర పెట్టి 80 దాకా ఎక్కించి చూస్తే కూలింగ్, ఛార్జింగ్ రెండూ బయటపడతాయి. సాయంత్రం నిలిపినప్పుడు నాలుగు చక్రాల పైన గార్డు ఎత్తు కొలిచి, పొద్దున మళ్లీ కొలవండి. ఒక మూల కుంగి ఉంటే ఎయిర్ సస్పెన్షన్ లీకు. ర్యాంపు మీద ఎక్కించి బ్యాటరీ పెట్టె అడుగున గీతలు, సొట్టలు చూడండి. చివరగా, పాత యజమాని యాప్ ఖాతాను కారు నుంచి తొలగించి, కొత్త ఖాతాతో తాళం తీసి వేసి చూశాకే డబ్బు చేతులు మారాలి.